తాళం పడిన గేటు లోపల

లాక్‌డౌన్ రోజుల్లో, నేనిప్పుడుంటున్న విదేశపు ఊరు బాలింకాలిగ్‌లో, ఇంటి చుట్టుపక్కల నడవడానికే అనుమతి ఉండేది. ఊపిరాడక ఒక సాయంత్రం బయటికి వచ్చాను. పాత స్మశానం గేటుకు గొలుసు వేసి ఉంది. లోపలి నుంచి కోసిన గడ్డి తడివాసన వచ్చింది. ఆ వాసనకు చిన్నప్పుడు మేమున్న మరో పరాయి దేశపు ఊరు, లుసాకా గుర్తొచ్చింది.

అక్కడ నాన్న బడిలో లెక్కలు చెప్పేవారు. నాకు ఏడేళ్లు. పుట్టిన వారానికే పోయిన తమ్ముణ్ణి, తెల్లదొరల కాలం నాటి ఊరి స్మశానంలో పూడ్చారు. మర్నాడు మేము ఆ దేశం వదిలి వచ్చేస్తున్నామనగా, అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆఖరిసారి అక్కడికి వెళ్లింది. వాడి సమాధి మీద పెరిగిన గడ్డి పీకుతూ చాలాసేపు కూర్చుంది. తిరిగి వచ్చేసరికి గేటుకు తాళం పడింది.

నేను కడ్డీలు పట్టుకుని ఏడ్చాను. "అమ్మా, గట్టిగా కేకెయ్యవే! ఎవరైనా వస్తారు!"

"వస్తార్లే అమ్మలూ. అందాకా తమ్ముడి దగ్గర కూర్చుందాం రా," అంది అమ్మ.

భయంతో అమ్మ కేకెయ్యలేకపోతోందనుకున్నాను. నేనే కేకలు పెట్టాను. కాపలాదారు పరుగెత్తుకొచ్చి, "సారీ మేడమ్," అంటూ తాళం తీశాడు. అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. ఆమె వెనక్కి చూసుకుంటూనే నడిచింది.

అమ్మను నేనే కాపాడానని నాన్నకు గొప్పగా చెప్పాను. అమ్మ నా తల నిమిరింది. ఆ తాళం ఇంకాసేపు తియ్యకపోతే బాగుండునని ఆమె అనుకుని ఉంటుందని, నేను తల్లినయ్యాక గానీ నాకు తోచలేదు.