అత్తకు చదివి వినిపించిన సుంకమ్మ

పోయిన వారం నా పాత నవలను మళ్ళీ అచ్చు వేస్తామంటూ ఒక ప్రచురణకర్త ప్రూఫుల కట్ట పంపించాడు. బళ్ళారి బ్రూస్‌పేటలోని మా ఇంటి ముందు గదిలో కళ్ళజోడు తుడుచుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని, కొమ్ములూ దీర్ఘాలూ దిద్దుకుంటూ హాయిగానే సాగాను గాని, సుంకమ్మ కాలువ గట్టు మీద చెప్పులు విడిచే పేజీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఇవాళ్టికీ ఆ పేజీ దాటలేదు. కాగితం మీది మనిషికి ఈ వయసులో భయపడటమేమిటని మా ఆవిడ నవ్వుతోంది. ఆమెకు చెప్పని సంగతొకటుంది, మీకు చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రూపనగుడిలో ఉంటూ రోజూ బళ్ళారికి బస్సులో వచ్చిపోయేవాణ్ణి. మా ఇంట్లో మేనత్త ఉండేది. పెళ్ళయిన రెండో ఏటే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి, మా నాన్న సేద్యంలో సగం తన భుజాన మోసిన మనిషి. తర్వాత ఈ నవలగా వచ్చిన నా మొదటి వారపత్రిక సీరియల్లోని సుంకమ్మ ఆవిడే. పేరు మార్చాను, మిరప చేను బదులు పత్తి చేను పెట్టాను, అంతే. నడకా మాటా మొండితనమూ అన్నీ అత్తవే. ఆమెను అడిగి తీసుకోవాలని నాకు తోచనైనా లేదు.

మా వైపు సంగతి మీకు తెలిసిందే కదా, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అత్త చదివిన నాలుగు తరగతులూ కన్నడంలోనే. బస్సు బోర్డు కూడబలుక్కుంటుంది గాని తెలుగు అక్షరం ఎదురైతే గోడే. నాకు మాత్రం మా తాత పట్టుబట్టి ఓనమాలు దిద్దించాడు. అందుకని శుక్రవారం నేను పత్రిక కొనుక్కొస్తే, మర్నాడు పక్కింటి కోడలు తీసుకుపోయేది. ఆ అమ్మాయిది అనంతపురం, తెలుగు బడిలో చదువుకుంది. ఆదివారం పొద్దున తెచ్చిచ్చేది. ఆ మధ్యాహ్నం అత్త ఎండుమిరపకాయల రాశి ముందు వేసుకుని తొడిమెలు తీస్తూంటే, నేను తుమ్ముకుంటూ చదివి వినిపించేవాణ్ణి. సుంకమ్మ ఎవరితోనన్నా గట్టిగా మాట్లాడితే అత్త చేతులు ఆగిపోయేవి. "ఆయమ్మి చెప్పిందాంట్లో తప్పేముండాదప్పా?" అని నన్నే నిలదీసేది. తనే సుంకమ్మ అని ఎరిగినట్టు ఒక్కనాడూ అనలేదు.

ఇంతలో సంపాదకుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, మూడు వారాల్లో ముగించమని. అన్నదమ్ములు చేను లాక్కున్నాక సుంకమ్మ ఏం చేస్తుందో నాకు నిజంగా తెలియదు. అత్తను అడిగుంటే చెప్పేది. అడగలేదు. మన కథల్లో దిక్కు తోచని ఆడదానికి నీళ్ళు ఎప్పుడూ దగ్గరలోనే ఉంటాయి గనుక, ఒక సాయంత్రం గంటలో రాసి పారేసి ఆమెను తుంగభద్ర కాలువలోకి పంపించాను. ఏడ్చామంటూ పాఠకుల ఉత్తరాలు సంచీడు వచ్చాయి. సిగ్గు లేకుండా మురిసిపోయాను.

ఆ భాగం అచ్చయిన ఆదివారం అత్త తడి జుట్టుతో కూర్చుని ఉంది. ఏమత్తా అంటే, ఎవరో దూరపు బంధువు పోయిన సుద్ది తెలిసింది, మైలకు తలమీద నీళ్ళు పోసుకున్నానంది. నేను పట్టించుకోలేదు. పత్రిక తెరిచాను, గట్టు దాకా చదివాను, ఎదురుగా ఆ ముఖం చూశాక మిగతాది నోట రాలేదు. కళ్ళు కాగితం మీదే పెట్టి, సుంకమ్మ మళ్ళీ చెప్పులు తొడుక్కుని తెక్కలకోట బస్సెక్కిందని చెప్పేశాను. అబద్ధం ఒకసారి బస్సెక్కితే దిగుతుందా? సీరియల్ ముగిసిపోయినా ప్రతి ఆదివారం ఏదో ఒక పత్రిక చేతిలో పెట్టుకుని, పుటలు తిప్పుతూ, కల్పించి చెబుతూ వచ్చాను. సుంకమ్మ తెక్కలకోటలో బొరుగుల అంగడి పెట్టింది, అన్నల మీద కోర్టుకెక్కింది. ఒకసారి అత్త పత్రికలోకి తొంగిచూసి, "ఆయమ్మికి కారు యాడ్నుంచి వచ్చెప్పా?" అంది. అది వేరే కథ బొమ్మ. అంగడి బాగా నడుస్తోందని బొంకాను.

అలా ఆరేడు నెలలు గడిచాక, ఇంకో సీరియల్ ఒప్పుకుని ఊపిరాడని పనిలో పడ్డాను. ఒక ఆదివారం పత్రిక మూసి, కథ అయిపోయిందన్నాను. అత్త తొడిమెలు చేటలోకి ఎత్తుతూ నింపాదిగా చెప్పింది. "ఆయమ్మి కాలవలో పడిందని పక్కింటి కోడలు ఆ పొద్దే చదివి చెప్పెప్పా. దానికే నీళ్ళు పోసుకుంటి. నువ్వేమో బతికిస్తాంటివి. ఎన్నాళ్ళు బతికిస్తావో సూద్దామని ఊరకుంటి." చేట పక్కన పెట్టి మళ్ళీ అంది, "బుక్కు వేసేటప్పుడన్నా నాకు చెప్పిందే రాయి." సరేనన్నాను.

రాయలేదు. పుస్తకం వేసేనాటికి ఆ చావును మెచ్చుకున్నవాళ్ళు పదిమంది తేలారు, ముగింపు ముట్టుకోవద్దన్నారు, నాకూ ఆ పొగడ్త వదులుకోబుద్ధి కాలేదు. ప్రతి తెచ్చి అత్త చేతిలో పెట్టాను. "రాసినావా?" అనడిగింది. రాశానన్నాను. ఈసారి పక్కింటికి తీసుకుపోలేదు. ట్రంకుపెట్టెలో చీరల మధ్య దాచుకుంది, ఆమె పోయేదాకా ఆ పుస్తకం అక్కడే ఉంది. నమ్మి దాచుకుందో, నమ్మక దాచుకుందో నాకు తెలియదు. ఏదైనా నా తప్పు తప్పే.

ఇప్పుడు మా ఇంట్లో అందరికీ చదువొచ్చు, ఎవరి ఫోను వాళ్ళు చదువుకుంటారు. ఒకరి గొంతు కోసం ఇంకొకరు పని చేతిలో పెట్టుకుని కాచుక్కూర్చునే మధ్యాహ్నాలు లేవు. కావాలంటే ఈ ప్రూఫుల్లోనే సుంకమ్మను బతికించవచ్చు, ప్రచురణకర్త కూడా మీ ఇష్టమే అన్నాడు. నాలుగు రోజులుగా కూర్చుంటున్నాను. బొరుగుల అంగడి గుర్తుంది, కోర్టు గుర్తుంది, ఆ తర్వాత ఆరు నెలలు ఏం చెప్పానో ఒక్క ముక్క జ్ఞాపకం రావడం లేదు. చావును వేలమందికి అచ్చు వేసి ఇచ్చాను. బతుకును ఒక్క మనిషికే చెప్పాను, ఆ మనిషి ఇప్పుడు లేదు.