ఊపిరి దక్కింది, వినికిడి పోయింది

కురుగోడు ఎద్దుల సంతలో ఒకరోజు ఒక రైతుతో తగువు పెట్టుకున్నాను. అతని ఎద్దు మెడలో గంట ఊగుతోంది గానీ మోగడం లేదు. "నాలుక లేని గంట కట్టినావేందప్పా?" అన్నాను. అతను గంటను నా ముఖం ముందే ఆడించి చూపించాడు. నాలుక ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

అప్పటికి మూడు నెలలుగా క్షయకు సూదులు వేయించుకుంటున్నాను. స్ట్రెప్టోమైసిన్. అంతకుముందు ఇదే దగ్గుతో మా అన్న పోయాడు. ఆ రోజుల్లో ఈ సూది మా దాకా రాలేదు. అందుకే నాకు ఆ సూది దేవుడితో సమానం. బళ్లారి డాక్టరు గారు మొదటి రోజే హెచ్చరించారు: "చెవుల్లో గుయ్యిమన్నా, తల తిరిగినా నాకు చెప్పాలప్పా. దాచొద్దు. గొత్తాయ్తా?" అర్థమైందని తల ఊపాను.

రెండో నెలలోనే చెవుల్లో ఈల మొదలైంది. చెప్పలేదు. చెబితే సూది ఆపేస్తారని భయం. ఇంట్లో నా భార్య సావిత్రి నిండు నెలలతో ఉంది. బిడ్డ ముఖం చూడకుండానే అన్న దారిన పోతానేమోనని వణికిపోయాను. వేడి చేసిందిలే అనుకుని వెల్లుల్లి కాచిన నూనె చెవుల్లో పోసుకున్నాను.

నా పని కూడా నన్ను చెడగొట్టింది. నేను ఎద్దుల దళారిని. మా సంతలో ధర నోటితో చెప్పం. తువాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి బేరం చేస్తాం. కొనేవాడి మనసూ అమ్మేవాడి మనసూ నా వేళ్లకే తెలుస్తాయి, పైన నోళ్లు ఏం వాగినా పట్టించుకోనక్కర్లేదు. చెవులు మూసుకుపోతున్నా ఒక్క బేరం తప్పలేదు. వేరే పనైతే నెలలోనే బయటపడేది. బాగానే ఉన్నాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంత మూర్ఖుణ్ణి!

కూతురు పుట్టింది. మొదట్లో దాని ఏడుపు ఎక్కడో దూరంగా వినిపించేది. తర్వాత అదీ లేదు. ఒకరోజు బిడ్డ నా పక్కనే గుక్కపట్టి ఏడుస్తుంటే నేను వక్కలు కత్తిరించుకుంటూ కూర్చున్నాను. సావిత్రి పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టి కుదిపింది. చెవి దగ్గర గట్టిగా అరిస్తే అర్థమైంది: "బిడ్డ నీలుక్కుపోతాంటే ఈడే కూర్చోని ఉండావే, వినపడలేదా నీకి?"

"వినపడలేదు" అన్నాను. ఆమె బిడ్డను ఎత్తుకుని చంకనేసుకుంది.

మర్నాడే నన్ను ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరు గారు ముందు సిరింజితో గుబిలి కడిగారు. నూనె జిడ్డుతో ముద్దలు బయటికొస్తుంటే, ఇక వినపడుతుందని ఆశపడ్డాను. తర్వాత ట్యూనింగ్ ఫోర్కు మోగించి చెవి వెనక ఎముక మీద ఆనించారు. చెవి ముందు పెట్టారు, నుదుటి మీద పెట్టారు. వణుకు తెలిసింది, మోత తెలియలేదు.

ఆయన కాగితం మీద రాసి చూపించారు. గుబిలో, చీమో, కర్ణభేరికి చిల్లో శబ్దానికి అడ్డం పడితే అది కండక్టివ్ చెవుడు. ఎముక మీద ఫోర్కు పెడితే వినపడుతుంది, చాలావరకు బాగుచేయొచ్చు. లోపలి నరం చెడితే నర్వ్ డెఫ్‌నెస్. దాంట్లో గంటల్లాంటి సన్నని మోతలు ముందు పోతాయి. "నీది రెండోది" అని రాశారు. దాని కింద: "ఈల ఎప్పటినుంచి?"

"ఆరు నెలలు" అన్నాను. ఆయన కలం మూసేశారు.

సూది ఆపి మాత్రలిచ్చారు. దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది. చెవులు మాత్రం రాలేదు. మదరాసులో వినికిడి కొలిచే ఆడియోమీటర్ ఉందంటే అక్కడికీ వెళ్లాం. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, వినపడితే చెయ్యెత్తమన్నారు. వినపడకపోయినా రెండుసార్లు ఎత్తాను. పరీక్ష చేసే అమ్మాయి నా వైపు చూసి, కాదన్నట్టు మెల్లగా తల ఊపింది. నా వినికిడిని చూపే ఆడియోగ్రామ్ గీత కాగితం అడుగున పడి ఉంది, అంటే దాదాపు ఏమీ మిగల్లేదన్నమాట. జేబులో పెట్టుకునే హియరింగ్ ఎయిడ్ తగిలిస్తే గరగర తప్ప మాట రాలేదు.

ఇప్పుడు పాపకు నాలుగేళ్లు. సంతకు వెళ్లొస్తున్నాను, బతుకు గడుస్తోంది. బాగుపడతానని ఎదురుచూడడం మానేశాను. ఈ సూదులు వేయించుకునేవాళ్లకు ఒక్క మాట చెబుతాను: చెవిలో ఈల మోగిన రోజే డాక్టరుకు చెప్పండి. మందు మార్చే దారి ఉండవచ్చు. పని సాగుతోంది కదా అని చెవులు బాగున్నాయనుకోకండి.

మొన్న సావిత్రిని పాప గొంతు ఎలా ఉంటుందని అడిగాను. మా ఇంట్లో నాకు మాటలన్నీ పలక మీదే. "అచ్చం మీ అమ్మ గొంతే" అని రాసింది. అమ్మ పోయి పదేళ్లయింది. పాప నా ముందు నిలబడి ఏదో చెబుతున్నప్పుడల్లా అమ్మ గొంతు గుర్తుచేసుకోవాలని చూస్తాను. అమ్మ అన్న మాటలు గుర్తుకొస్తాయి. గొంతు రావడం లేదు.