సంచిలో లేని వంజరం

రండి, ఇలా నా పక్కకి జరిగి కూర్చోండి. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టండి. మా గిలకలదిండిలో, మా ఇంట్లోనే జరిగిన సంగతి చెబుతాను. నేను బడికి వెళ్ళింది రెండో తరగతి వరకే. కానీ చూసినదీ విన్నదీ మర్చిపోను. అందుకే మా ఇంట్లో నేనంటే అందరికీ కొంచెం భయం.

మా మనవరాలు బందరులో డిగ్రీ చదువుతోంది. మొదట్లో ఇంటికి ఎవరొచ్చినా ఫోనులోంచి తల ఎత్తేది కాదు. కిందటేడు కాలేజీ లైబ్రరీ నుంచి కథల పుస్తకాలు తేవడం మొదలుపెట్టింది. అవి చదివేకొద్దీ పిల్ల తీరు మారిపోయింది. నేను చేపలు శుభ్రం చేస్తుంటే పీట తెచ్చుకుని పక్కన కూర్చునేది. ఒకరోజు, "నాయనమ్మా, నువ్వు ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నీకేమనిపించింది?" అని అడిగింది.

ఇన్నేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. సంతోషించాల్సింది పోయి నాకు అనుమానం పట్టుకుంది.

"ఏం కావాలే నీకు?"

"ఏమీ వద్దు."

ఏమీ వద్దనే పిల్లని ఎలా నమ్మడం? మా కోడలితో చెబితే తేలిగ్గా తీసేసింది. "పుస్తకాలు చదువుతోంది కదత్తా, నెమ్మది వచ్చింది" అంది.

"నెమ్మది కాదే, ఎవడో వచ్చాడు" అన్నాను.

మా అబ్బాయి బోటు డ్రైవరు. వేట నుంచి తిరిగొచ్చాక బోటు మీద పనిచేసిన ప్రతివాడికీ కూలి కాక, కూరకని ఇన్ని చేపలిస్తారు. ఆదివారమైతే హార్బరుకి వెళ్ళి ఆ సంచి తెచ్చేది మనవరాలే. ఒక ఆదివారం పొరుగింటావిడ గుమ్మంలో ఆగి, "మీవాడు భలే వంజరం పంపాడు పిన్నీ, పిల్ల చేతిలో చూశాను" అంది. నేను సంచి బోర్లించాను. చిన్న కానాగంత చేపలే ఉన్నాయి. అంత ఖరీదైన వంజరం లేదు. ఇంట్లో చేప బయటికి వెళ్తోందంటే, వెనకాల మనసు కూడా వెళ్తున్నట్టే కదా!

పై ఆదివారం కొంగు నెత్తిన కప్పుకుని దాని వెనకే నడిచాను. హార్బరులో సంచి తీసుకుని, మా వీధి వదిలేసి ఐసు ఫ్యాక్టరీ సందులోకి తిరిగింది. 'ఇక దొరికాడు దొంగ వెధవ' అనుకున్నాను. తీరా చూస్తే, పిల్ల ఎక్కింది మా వాళ్ళెవరూ తొక్కని గడప.

ఆ ఇంటాయనా మా అబ్బాయీ ఒకప్పుడు బావా బావా అనుకుంటూ తిరిగినవాళ్ళు. ఒక వానాకాలం హంసలదీవి దగ్గర సముద్రంలో ఇద్దరి బోట్ల వలలూ మెలిపడ్డాయి. అతను మా వల కోసేశాడు. అప్పటినుంచి మాటల్లేవు. ఈమధ్య జెట్టీ మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడని విని కూడా మేం వెళ్ళలేదు.

గుమ్మంలోంచి చూశాను. అతను కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు, పక్కనే పళ్ళెంలో మా వంజరం. మా పిల్ల కింద కూర్చుని వింటోంది. నన్ను చూసి అతను, "రా అత్తా. ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అన్నాడు.

"దారి తెలిసి రాలేదు. నా మనవరాలు తప్పిపోతే వెతుక్కుంటూ వచ్చాను" అన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

దారిలో పిల్లని నిలదీశాను. "ఎవరు పంపారే నిన్ను?"

"పుస్తకమే నాయనమ్మా. అందులో అందరూ తిట్టే మనిషొకడున్నాడు. కథంతా వాడే చెబుతాడు. చదివాక వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. మరి మనం తిట్టే మావయ్య కథేంటో అనిపించి, వెళ్ళి అడిగాను. వల ఆయన బోటు కింద నీళ్ళలో తిరిగే ఫ్యానుకి చుట్టుకుందట. కోయకపోతే రెండు బోట్లూ ఇసుక మేట మీదకి పోయేవట. వానలో నాన్న వాళ్ళకి అది కనబడలేదట."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా?"

"ఎవరడిగారు? అయినా నువ్వు నాకు చెప్పే కథల్లో ప్రతి రాక్షసుడికీ ఆయన మీసాలే ఎందుకుంటాయి?"

"ఆ మీసాలు అలాంటివే! మీ నాన్నకి తెలిస్తే పుస్తకాలతో పాటు కాలేజీ కూడా మాన్పిస్తాడు."

"చెబుతావా?" అంది. నేను సంచి అందుకుని ముందుకి నడిచాను. అతని మాట నిజమో కాదో నాకేం తెలుసు?

మధ్యాహ్నం మా అబ్బాయి భోజనానికి కూర్చున్నాడు. గిన్నె మూత తీసి, "వంజరం ఏదమ్మా?" అన్నాడు. మనవరాలి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"పిల్లి ఎత్తుకుపోయిందిరా" అన్నాను.

"మనింట్లో పిల్లి ఎక్కడుంది?"

"వీధి పిల్లి."

వాడు అన్నం కలిపాడు. ఓ ముద్ద తిన్నాడు. తల ఎత్తకుండా, "ఆ పిల్లి కాలు ఎలా ఉంది?" అన్నాడు.

మనవరాలే, "కట్టు ఇంకా విప్పలేదు నాన్నా" అంది. వాడు ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాతి ఆదివారం సంచిలో రెండు వంజరాలు పంపాడు. ఒకటే మా ఇంటికొచ్చింది.

ఇప్పుడు నా అనుమానం వాడి మీదకి మళ్ళింది. వీడికి ఎప్పటినుంచి తెలుసు? ఎవరు చెప్పారు? ఆ పుస్తకాల మీద కూడా నాకింకా నమ్మకం కుదరలేదు. పిల్ల కొత్తది తెచ్చినప్పుడల్లా అటూ ఇటూ తిప్పి చూస్తాను, ఈసారి ఇది ఎవరి గడప ఎక్కిస్తుందోనని.

ఓపిగ్గా విన్నారు. మీ ఇంట్లో కూర ఎప్పుడూ మరో మనిషికి సరిపడా మిగలాలి. మీ పిల్లలు ఎవరి గడప ఎక్కినా క్షేమంగా తిరిగి రావాలి. చల్లగా ఉండండి.