మాట్లాడకుండా కూర్చునే పని

సైకాలజీలో ఎం.ఏ. అయ్యాక నాకు దొరికిన మొదటి పని, పరాయి ఇళ్లలో మాట్లాడకుండా కూర్చోవడం. చంటిపిల్లలతో తల్లులు ఎలా మాట్లాడుతున్నారో, ఎంతసేపు ఎత్తుకుంటున్నారో చూసి రాసుకోవాలి. చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న ఊళ్లు మాకు అప్పగించారు. సలహా ఇవ్వకూడదు, సాయం చేయకూడదు, కొన్నాళ్లకు ఆ ఇంట్లోవాళ్లు నువ్వున్న సంగతే మరిచిపోవాలి, అప్పుడు కనిపించేదే నిజం అని ఈ పరిశోధన చేయిస్తున్న మా సారు చెప్పి పంపించారు.

వినడానికి తేలికే. రేకుల కింద ఉక్కలో, నిద్ర ఆపుకుంటూ, కాళ్లు తిమ్మిరెక్కేదాకా కూర్చోవాలి. బస్సు దిగి నడిచే దూరం కంటే ఆ కూర్చోవడంతోనే ఎక్కువ అలిసిపోయేదాన్ని.

మొదట్లో నేను వస్తున్నానని ప్రతి ఇంట్లోనూ పిల్లలకు స్నానం చేయించి పౌడరు అద్దేవారు. మెల్లగా మానేశారు. ఒక్క ఇల్లు మాత్రం మారలేదు. అక్కడ ఒక అత్త, ఇంకా చిన్నతనం పోని కోడలు, ఆమె చంటిపాప. పాప తండ్రి పొద్దున్నే కూలికి వెళ్లిపోయేవాడు. నేనున్నంతసేపు కోడలు పాపను ఒళ్లో వేసుకుని తీరిగ్గా కబుర్లు చెప్పేది. అత్త ఆమెను ‘అమ్మా’ అని పిలిచేది.

ఒకరోజు అత్త బోరింగు దగ్గరికి నీళ్లకు వెళ్లినప్పుడు ఆ అమ్మాయి నా వైపు తిరిగింది.

“అక్కా, నువ్వు రోజూ రారాదా? నువ్వుంటే మా అత్త నన్ను ఏమనదు. పిల్లను గిట్ల పట్టుకొని కూసోనిస్తది.”

ఆ మాట రాసుకున్నాను. సారుకు చెబితే, వాళ్లింకా నీకు అలవాటు పడలేదు, వెళ్తూ ఉండు అన్నారు.

మిర్చి కోతల రోజుల్లో అలవాటు పడ్డారు. అత్త చేను నుంచి వచ్చి గడపలో కూలబడింది. పొయ్యి ఇంకా వెలగలేదు. కోడలు పాపకు పాలిస్తోంది. నేను ఎప్పటిలాగే గోడకు ఆనుకుని ఉన్నాను. అత్త తిట్టడం మొదలుపెట్టింది, పుట్టింటివాళ్లను కూడా కలిపి. కోడలు పాపను చాప మీద పడుకోబెట్టి, నన్నొకసారి చూసి, పొయ్యి దగ్గరికి వెళ్లింది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

మా పని లెక్కలో అది మంచి రోజు. ఆ ఇల్లు నన్ను మరిచిపోయింది. నేను లేచి పాపను ఎత్తుకున్నాను.

అత్త నన్నప్పుడు చూసింది. “పొద్దంత ఒంగి ఏరితే నడుము పోయింది బిడ్డా. నా పానం గూడ బాగుంటలేదు,” అంది.

ఆమెను తప్పుపట్టే ఓపిక నాకు లేదు. పాప ఏడుపు ఆపేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను.

జరిగింది చెబితే సారు కోప్పడలేదు. ఆ ఇంటిని పరిశోధనలోంచి తీసేశారు. బస్సు వచ్చేలోపు వీలైనప్పుడల్లా నేను అక్కడికి వెళ్లి పాపను ఎత్తుకునేదాన్ని. వానలు పడేసరికి పని అయిపోయింది. వైరాలో బడి ఉద్యోగం దొరికింది.

కొన్నేళ్లకు సంతలో ఆ అమ్మాయి కనిపించింది. అత్త మంచాన పడిందట, అన్నీ తనే చూస్తోందట. పాప తన తల్లి చెయ్యి పట్టుకుని నిలబడింది. నేను దగ్గరికి రమ్మంటే రాలేదు.

“జల్దీ పోవాలె అక్కా, అత్తకు అన్నం పెట్టాలె,” అంది.

సరేనన్నాను. అయినా కాసేపు ఇద్దరం అక్కడే నిలబడ్డాం.