వీరవెంకటరమణ ఎత్తే బరువు

మా వీరవెంకటరమణ లోకంలో దేన్నైనా క్షమిస్తాడు గానీ, ఆడే ఆటకీ ఎత్తే బరువుకీ మధ్య బేలన్స్ తప్పితే మాత్రం క్షమించడు. మా కొత్తపేటలో వేసవికి వాలీబాల్, చలికాలానికి షటిల్. ఆట సీజన్లో బరువులు తగ్గించాలట, మానకూడదట. వానలు పడి కోర్టులు చెరువులైపోయినప్పుడు మళ్ళీ పెంచాలట. ఏ రోజు కాళ్ళు, ఏ రోజు భుజాలు అన్నది కేలండర్ మీద రాసుకుని చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతాడు. జిరాక్సు షాపు వాడిదే కాబట్టి మాక్కూడా తలో కాపీ పంచాడు. మా ఆవిడ సీతారత్నం దాన్ని పప్పుల డబ్బా అడుగున పరిచింది.

ఒక డిసెంబరు సాయంత్రం షటిల్ ఆడి వస్తుంటే మా ఇంటి ముందు పాతిక కిలోల బియ్యం బస్తా దింపారు. రమణ మొహం వెలిగిపోయింది.

"కుడిచేత్తో అరవై స్మాషులు కొట్టేనండి. ఎడం పక్కంతా ఖాళీగా ఉండిపోయింది. ఆ బస్తా నాకిచ్చెయ్యండి."

ఎడం భుజం మీద వేసుకుని రెండో అంతస్తుకి ఎక్కించాడు. దిగి వచ్చి, "ఇంకోటి లేదాండి?" అని దిగులుగా అడిగాడు. ఆ నెల నుంచి మా ఆవిడ వాడి ఎడంపక్క రోజులు చూసుకుని సరుకులు తెప్పించడం మొదలుపెట్టింది. పప్పుల డబ్బా లోంచి కేలండర్ బయటికి తీసి గోడకి అంటించింది కూడా.

కాళ్ళ రోజు మర్నాడు వాడు మెట్లు మామూలుగా దిగలేడు, వెనక్కి తిరిగి దిగుతాడు. అలా పోస్టాఫీసు మెట్లు దిగుతుంటే, లోపలికి వస్తున్నాడనుకుని పోస్టుమాస్టరు గారు, "టైమైపోయిందండి, రేపు రండి" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అని వాడు దిగుతూనే ఉన్నాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. బాధంతా వాలీబాల్ దగ్గరే. మా టీముకి కెప్టెన్ని నేను. బంతీ నెట్టూ నావి కాబట్టి ఆ విషయంలో ఎవరికీ అభ్యంతరం లేదు. అంత ఒళ్ళుండీ రమణ కింద పడి బంతి తియ్యడు. జానెడు ఎత్తులో బంతి పోతుంటే, చుట్టాన్ని బస్సెక్కించినట్టు నిలబడి చూస్తాడు.

"పడొచ్చు కదయ్యా!"

"నడుం జాగ్రత్త పెట్టుకోవాలండి. బేలన్సండి."

అక్కడికీ ఓర్చుకునేవాణ్ణి. కానీ సరిగ్గా ఆరింటికి పావు తక్కువకి, స్కోరెంతున్నా సరే, "నా లిఫ్టింగ్ టైమైపోయిందండి, వస్తానండి" అని చెప్పులు వేసుకుంటాడు.

ఈ మే నెల టోర్నమెంటు సెమీఫైనల్లోనూ అంతే. మూడో సెట్టు, పన్నెండు పన్నెండు. వాడు చెప్పులు వేసుకున్నాడు. వాడి బదులు యాభై ఆరేళ్ళ సత్తియ్యని దింపాం. అవతలివాళ్ళు మా మీద జాలిపడ్డట్టు వరసగా మూడు బంతులు బయటికి కొట్టబట్టి బతికిపోయాం. మర్నాడు ఐదింటికి అంబాజీపేట వాళ్ళతో ఫైనలు. మూడేళ్ళుగా ఆ కప్పు వాళ్ళ కొబ్బరి కొట్లోనే ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బరువుల ముందే వాడి పేరు టీములోంచి కొట్టేస్తానని స్కూటరేసుకుని వెంటపడ్డాను. వాడి బండి జిమ్ము వైపు తిరగలేదు. దేవసహాయం మాస్టారింటి ముందు ఆగింది.

దేవసహాయం గారు మా అందరికీ డ్రిల్లు మాస్టారు. ముప్ఫై రెండేళ్ళు ఈల ఊది ఊళ్ళో సగంమందిని పరిగెత్తించిన మనిషి. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. అప్పుడోసారి బత్తాయిలు పట్టుకెళ్ళి చూసొచ్చాను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

తెరిచిన తలుపులోంచి మాటలు వినిపించాయి.

"మాస్టారూ, ఎనభై రెండే ఉన్నారండి! పోయిన వారం ఎనభై మూడు."

"తూకం వెయ్యకుండా ఎలా చెప్తావురా?"

"నా చేతులకి తెలిసిపోద్దండి. మధ్యాహ్నం తినలేదు కదూ? మీరు తినకపోతే నా తొడలేమైపోవాలండి?"

"సరే, సరే. మోకాళ్ళు వంచు. నడుం నిటారుగా! ఊపిరి బిగబట్టకు, గాడిదా!"

రమణ మాస్టారి నడుం చుట్టూ చేతులు వేసి, ఒడుపుగా మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"రెండో సెట్టండి?"

"ఇడ్లీ తిన్నాక."

వాకిట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్న మాస్టారి భార్య మేరీ గారు నన్ను చూసి పక్కకి పిలిచారు.

"ఒకరి చేత ఎత్తించుకోవడమంటే ఈయనకి చచ్చేంత నామోషీ అండి. ఆర్నెల్లు గోడవైపు తిరిగి పడుకున్నారు. సరిగ్గా ముద్ద ముట్టలేదు. అప్పుడీ అబ్బాయొచ్చి, 'ఇనప బరువులు చాలట్లేదండి, ఆటకి మనిషి బరువైతేనే మంచిదండి, మీరే సాయం చెయ్యాలండి' అని బతిమాలేడు. నెలనెలా కాస్త బరువు పెరగాలని కండిషనూ పెట్టేడు. అప్పట్నించీ తింటున్నారండి. ఐదున్నరకే చొక్కా తొడిగించుకుని ఎదురుచూస్తారు. ఓ రోజు వీడికి అరగంట ఆలస్యమైతే, అలిగి ఆ పూట తినలేదు."

"మరి ఆటలో కింద పడడేంటండి?"

"ఆ నడుం పట్టేస్తే ఈయన్నెవరెత్తుతారండి?"

నేను లోపలికి వెళ్ళలేదు. వాడికి కనపడకుండా స్కూటరు సందు చివరిదాకా నడిపించుకుపోయి స్టార్టు చేశాను.

ఫైనలు ఆరు దాటకుండా అవదు. రమణ వెళ్ళిపోతే కప్పు పోతుంది, ఆపితే మాస్టారి తిండి పోతుంది. మర్నాడు పొద్దున్నుంచీ ఆలోచించి, నా జన్మలో మొదటిసారి ఒక త్యాగం చేశాను.

"రమణా, నా బదులు సత్తియ్య ఆడతాడు. మాస్టారి దగ్గరికి నేను వెళ్తాను."

వాడు నా మొహంలోకి చూసి, దొరికిపోయిన దొంగలా నవ్వాడు. "నడుం వంచకండి, మోకాళ్ళు వంచండి" అన్నాడు.

నేను వెళ్ళేసరికి మాస్టారు మంచం మీద చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని గడియారం చూస్తున్నారు.

"ఎవర్రా, రాజ్‌కుమారువా? నువ్వొచ్చేవేంటి?"

"నేనూ ట్రైనింగ్ మొదలెట్టేనండి. ఇవాళ రమణ బదులు..."

"ఏదీ, పది గుంజీలు తియ్యి."

నలభై తొమ్మిదేళ్ళ నేను చెవులు పట్టుకుని గుంజీలు తీశాను. ఆరో గుంజీకి మంచం కోడు పట్టుకున్నాను.

"నువ్వు నన్నెత్తవు, పడేస్తావు. కూర్చో. ఆటయ్యేక వాడే వస్తాడు." నేను కూర్చున్నాక మాస్టారే అన్నారు. "వాడు దేనికొస్తున్నాడో నాకు తెలీదనుకున్నారా మీరంతా? ముప్ఫై రెండేళ్ళు పిల్లల సాకులు విన్నవాణ్ణి. కడుపునొప్పన్న కుర్రాడు ఏ తోటలో దొరుకుతాడో చెప్పగలను."

"మరి తెలిసీ..."

"జాలిపడి వచ్చేనంటే గుమ్మం ఎక్కనిచ్చేవాణ్ణా? వాడు నా పరువు కాపాడేడు. నేను వాడి సాకు కాపాడుతున్నాను. నువ్వు నోరు జారేవంటే గ్రౌండు చుట్టూ పది రౌండ్లు!"

ఆ మనిషి మీద, ఈ మనిషి మీద నాకు ఒకేసారి ప్రేమ ముంచుకొచ్చింది.

ఏడింటికి రమణ కప్పు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మోచేతుల నిండా, ఛాతీ నిండా ఇసుక.

"మూడుసార్లు డైవ్ చేసేనండి! ఇక్కడ మీరున్నారు కదా అని ధైర్యమొచ్చిందండి" అన్నాడు నాతో.

నేను నేలచూపులు చూశాను. నేను లేని రోజే కప్పు వచ్చిందన్న మాట ఎవరూ పైకి అనలేదు. రమణ కప్పు బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కొచ్చి, మోకాళ్ళు వంచి, మాస్టారిని లేపాడు.

ఇప్పుడు మాస్టారు నాకూ ప్రోగ్రాం రాయించారు. మొదట ఖాళీ గేస్ సిలిండరు, తరవాత నిండుది, ఆ తరవాతే ఆయన. రోజూ పొద్దున్నే మేరీ గారి వంటింట్లో సిలిండరు ఎత్తి దింపుతున్నాను. రమణకి ఎప్పుడైనా జ్వరమొస్తే, ఊరెళ్ళాల్సొస్తే రెండో మనిషి ఉండాలి కదా. మూడు వారాలకి నిండు సిలిండరు మోకాలి దాకా లేచింది. మీ దాకా రావడానికి ఇంకెన్నాళ్ళు పడుతుందండీ అని నిన్న మాస్టారిని అడిగాను.

ఆయన నాలుగో ఇడ్లీ వేయించుకుంటూ, "త్వరగా రారా, ఎనభై నాలుగయ్యేను" అన్నారు.