జనరల్ గారి చెమ్మ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వికారాబాద్‌లో డిప్యూటీ తహసీల్దారుగా ఉండగా నాకు ప్రోటోకాల్ డ్యూటీ పడింది. అంటే ముఖ్య అతిథి వచ్చింది మొదలు సాగనంపేదాకా ఆయన వెంటే ఉండటం. వచ్చినాయన సైన్యంలో పెద్ద పేరున్న విశ్రాంత జనరల్. తూటాల వానలో కూడా కొండ దిగని మనిషని బడిపిల్లలకు సైతం తెలుసు. పదకొండు గంటలకు ఆయన తాండూరులో అమరవీరుల స్తూపం ఆవిష్కరించాలి.

తొమ్మిదిన్నరకు అతిథిగృహానికి కారు తీసుకెళ్లాను. కోటుకు పతకాలు తగిలించుకున్న జనరల్ గారు వరండాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా వంటమనిషి ఎల్లమ్మ. మధ్యలో సుద్దతో గీసిన అష్టాచెమ్మ గళ్లు. అప్పటికే ఆయన మూడు ఆటలు ఓడారట.

ఒక్కటి గెలిచి లేస్తానన్నారు. నాలుగోదీ ఓడారు. తాండూరు నుంచి ఆర్డీఓ గారి ఫోన్లు మొదలయ్యాయి. బయలుదేరామని మూడుసార్లు అబద్ధమాడి, ఎల్లమ్మను పక్కకు పిలిచి, ఈ ఒక్కసారి ఓడిపొమ్మని బతిమాలాను.

“నేనెందుకు ఓడాలె సారూ? ఆయినకు గవ్వలు పడకుంటె నేనేం జెయ్యాలె?” అంది.

ఐదో ఆటలో ఆయన ఆఖరి కాయ పండాలంటే చెమ్మ, అంటే నాలుగు, పడాలి. మూడు పడింది. ఎల్లమ్మ కొంగు సర్దుకునే లోపు కాయను నాలుగు గళ్లు జరిపి, “చెమ్మ! పండింది!” అని చప్పట్లు కొట్టారు.

“మూడే వడ్డది సారూ. కాయ గీ గడిలుండాలె,” అంటూ ఆమె దాన్ని వెనక్కి జరిపింది.

“నాలుగు,” అన్నారు జనరల్ గారు. చెవులు ఎర్రబడ్డాయి.

“గీ సారు జూసిండు. అడుగుండ్రి.”

ఇద్దరూ నావైపు తిరిగారు. నా సర్వీసులో ఏ విచారణలోనూ అంత చెమట పట్టలేదు.

“మూడే సర్,” అన్నాను.

ఆయన గవ్వలు ఏరి ఎల్లమ్మ చేతిలో పెట్టారు. “అందుకే మా ఇంట్లో నాతో ఎవరూ ఆడరు,” అని గొణిగి, లేచి, ఎల్లమ్మకు సెల్యూట్ చేసి కారెక్కారు.

“మల్లొస్తె జర నేర్పిస్త సారూ!” అని ఆమె వెనక నుంచి అరిచింది.

తాండూరుకు నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాం. వేదిక మీద ఆయన నిజాయితీ గురించి గంభీరంగా మాట్లాడారు. జనం లేచి నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. ఆలస్యానికి మెమో మాత్రం నాకొచ్చింది. ‘అనివార్య కారణాలు’ అని జవాబు రాశాను.

ఎంత పేరున్నవారికైనా ఓడాక లేవబుద్ధి కాదు. ఆ తర్వాత ఏ అతిథి వచ్చినా కార్యక్రమ పట్టికలో ఒక గంట ఖాళీ ఉంచాను. ఎందుకని ఎవరైనా అడిగితే, రోడ్డు బాగాలేదని చెప్పేవాణ్ణి.