గొర్ల వీపుల మీద గేమ్ కంపెనీ గుర్తు

తెలంగాణ వచ్చినంక రెండో ఎండకాలమో మూడోదో, మా బాపు, చిన్నాయిన కొట్లాడుకొని మందను పంచుకున్నరు. మాటలు బందైనయి, దొడ్లు వేరైనయి. గొర్లకేం తెలుస్తది, మేతకు ఇడిస్తే మళ్ల కలుస్తుండె. జీవాలకు గుర్తు పెట్టుమని బాపు నాకు చెప్పిండు, చిన్నాయిన తన బిడ్డకు, అంటే మా చెల్లెకు, చెప్పిండు. ఇంకోపారి లొల్లయితే మా చెల్లె మా గడప తొక్కద్దని గుడ చిన్నాయిన తేల్చి చెప్పిండు. నా భయమంత గదే.

తలా ఒక చుక్క పెడితే అయిపోతుండె. కని మేం ఇంటర్ సదువుతున్నం, మాకు తెలివెక్కువ. మందలు వేరు కాకముందు, తిరుమలగిరి అంగట్ల పొట్టేళ్లు అమ్మినప్పుడు, మా ఇద్దరికీ కలిపి టీవీకి పెట్టి ఆడే ఒక పాత గేమ్ డబ్బ కొనిచ్చిండ్రు. దాని కంపెనీ గుర్తుల ఒక అక్షరం నిలవడి ఉంటది, ఇంకోటి దాని కాళ్లకాడ పండుకుంటది. మొదట్ల అది నాలుగు రంగులల్ల ఉండె. తర్వాతి డబ్బల మీద కంపెనోళ్లు రంగులన్ని పీకేసి ఒక్క రంగు చేసిండ్రు. నాకు ఒక్క రంగుదే దర్జా. చెల్లెకు పాతదే పానం. కొత్తది దవాఖాన బోర్డు లెక్కుందని ఎక్కిరిస్తుండె. గీ పంచాయితి తీసుకపొయ్యి గొర్ల వీపుల మీద పెట్టినం. అట్టముక్కల గుర్తు కోసి, నేను ఉత్త నీలిరంగు కొట్టిన, ఆమె నాలుగు కొట్టింది. అవి హోలీకి మిగిలిన నీళ్లరంగులు.

వారం తిరగకముందే వాన దంచింది. మందలు రెండు ఒక్కకాడ ముడుసుకున్నయి. రంగులన్ని కారి, ఏ గొర్రెను చూసినా గదే మురికి మరక. బాపు, చిన్నాయిన ఎడమొహం పెడమొహంగ నిలవడి, ఏ గుర్తు ఎవరిదని నన్నడిగిండ్రు. రెండు మందలకు ఒక్కటే గుర్తెందుకైందో చెప్పేటందుకు, నానిన గొర్ల నడుమ నిలవడి ఆ కంపెనీ చరిత్రంత చెప్పిన. సిగ్గుతోని సచ్చిపోయిన.

"రంగులు ఎందుకు తీసిండ్రు? కంపెనీ చేతులు మారిందా?" అన్నడు చిన్నాయిన.

"లే చిన్నాయిన, కంపెనీ అదే."

"అన్నదమ్ములు పంచుకున్నరా మరి?"

"లే. ఉత్త గుర్తే మారింది."

బాపు ఇన్నాళ్లకు తమ్ముని దిక్కు తిరిగిండు. "గేమ్ డబ్బలు అమ్ముకునేటోళ్లు గుడ విడిపోలేదటరా. మనకేం రోగమొచ్చె?"

చిన్నాయిన కట్టె అందుకున్నడు.

"ముందుగాల గొర్లను తోలు, తడుస్తున్నయి" అన్నడు.

ఎవరి దొడ్డికని బాపు అడగలే.